మూడో వరసలోని ఖాళీ

“కూరలో ఉప్పు తక్కువైందని నీ కూతురికి చెప్పు,” అన్నాడు కరుణాకరం.

కూర వండిన కృప అతనికి ఎదురుగానే కూర్చుని ఉంది. చెయ్యి చాస్తే అందేంత దూరం.

రాహేలు ముందు మొగుణ్ణి చూసింది, తర్వాత కూతుర్ని చూసింది. సోమవారం నుంచి ఆమెకు ఈ ఇంట్లో తపాలా ఉద్యోగం పడింది. జీతం లేదు, సెలవు అసలే లేదు.

“ఉప్పు తక్కువైందంటమ్మా.”

“వినపడింది. ఆదివారానికి ఇంక మూడు రోజులే ఉందని నాయనకు చెప్పమ్మా. రాయి అట్లనే ఉండాదని కూడా చెప్పు.”

“నాకు కండ్లున్నాయని చెప్పు,” అన్నాడు కరుణాకరం. సగం అన్నం వదిలేసి లేచి చెయ్యి కడుక్కున్నాడు.

గోడవార మంచం మీద కూర్చుని చేటలో కందులు ఏరుతున్న యేసుమణి అవ్వ తల ఎత్తలేదు. కరుణాకరం తల్లి ఆవిడ. ఎనభై నాలుగేళ్లొచ్చినా చెవులు మాత్రం పద్దెనిమిది దగ్గరే ఆగిపోయాయి. నాలుగు రోజులుగా ఈ ఇంట్లో జరిగేదంతా వింటూనే ఉంది, ఒక్క మాట అనలేదు.

వసారాలో గోనెపట్టా కింద పలకరాయి ఉంది. పెద్దారవీడులో వాళ్ల చర్చి కట్టి డెబ్బై అయిదేళ్లయింది. ఆదివారం పండగ చేసి ఆ రాయిని గోడలో బిగించాలి. ముప్పై ఏళ్లు మార్కాపురంలో పలకల కార్ఖానాలో పనిచేసి, ఇప్పుడు సమాధి రాళ్ల మీద పేర్లు చెక్కుకుంటున్న కరుణాకరానికి అది చేతిలో పనే. చర్చి పేరు చెక్కాడు. సంవత్సరం చెక్కాడు. చుట్టుపక్కల చర్చిల్లో కోతపండక్కి గింజలు తెచ్చి బల్ల ముందు పోస్తూ పాడుకునే పాటలోంచి రెండు వరసలు చెక్కాడు.

చేటలో గింజలు తెచ్చితినయ్యా
చేతులు చాచి పుచ్చుకొమ్మయ్యా

దాని కింద ‘రచన, రాగం’ అని చెక్కి, ఆ పక్కన వాళ్ల నాయన ప్రభుదాస్ పేరు మొదలుపెట్టబోతుండగా కృప వచ్చి నిలబడింది.

“నాయనా, ఈ రాగం తాతది కాదేమో.”

ఆమె అన్నది అంతే. చివర ‘ఏమో’ కూడా తగిలించింది పాపం. తండ్రి పేరు చెక్కడానికి ఉలి ఎత్తినవాడికి ‘ఏమో’లు వినపడతాయా?

అసలు ఆ పిల్ల చేత ఆ మాట అనిపించింది ఆమె ఉద్యోగం. ఇంట్లో కూర్చుని చేసే పని. హైదరాబాదు కంపెనీ ఒకటి పాటలు పంపుతుంది. విని, ఒక్కో పాటకు వివరాలు రాయాలి. ఏ వాయిద్యం, ఎంత వేగం, సంతోషమా దిగులా, పాడింది ఒకరా గుంపా. జనవరిలో ఆమెకు స్వీడన్, నార్వే, డెన్మార్క్ దేశాల సంగీతం అప్పగించారు. ఏడాదంతా అదే. ఆ దేశాలు ఎక్కడున్నాయో పటంలో వెతుక్కుని మరీ మొదలుపెట్టింది.

రోజూ సాయంత్రం పని ముగిశాక, ఆనాడు విన్నవాటిలో మంచిది ఒకటి నాయనకు వినిపించేది. ఇయర్‌ఫోన్ ఒక కొస తన చెవికి, రెండో కొస ఆయన చెవికి. ఇరవై ఏళ్లుగా చర్చి గాయకబృందాన్ని నడుపుతున్న మనిషిని మెప్పించడం ఆషామాషీ కాదు.

ఫిబ్రవరిలో స్వీడన్ కుర్రకారు పాటలు విని, “గంతులేసే తాళం పెట్టి ఏడుపు పాడతాండారేందమ్మా వీళ్లు,” అన్నాడు. డెన్మార్క్ చర్చి ఆర్గన్ విన్నప్పుడు కంచం ముందు చెయ్యి ఎండిపోయేదాకా కూర్చున్నాడు. కంప్యూటర్ల మీద చేసిన సంగీతానికి పిండిమర అని పేరు పెట్టాడు. మే నెలలో, బోర్లు ఎండిపోయి జనం ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టుకున్న రోజుల్లో, మంచు కరిగిందని మురిసిపోయే పాటలు వచ్చాయి. “వాళ్లకు నీళ్లెక్కువై పాట, మనకు లేక పాట,” అన్నాడు. గంటసేపు సాగే సింఫనీ ఒకదాన్ని మూడు సాయంత్రాలు విడతలుగా విని, “ఇంతమంది వాయిస్తాండారు, ఒక్కడన్నా తొందరపడినాడా చూడు,” అని మెచ్చుకున్నాడు. ఆ మర్నాటి నుంచి నెలరోజులు తన బృందాన్ని ఆ మాటతోనే సాధించాడు.

నార్వే పల్లెల ఫిడేలంటే మాత్రం ప్రాణం పెట్టాడు. దానికి వాయించే తీగల కింద ఇంకో వరస తీగలుంటాయి. వాటిని కమాను తాకదు, పైవి మోగితే అవీ మోగుతాయి. కృప బొమ్మ చూపించేదాకా ఆయన నమ్మలేదు.

తండ్రీకూతుళ్లకు ఆ ఏడాది అంత బాగా గడిచింది. అట్లాంటి సాయంత్రాలు ఇక రావేమోనని కృపకు ఇప్పుడు భయంగా ఉంది. రాయి సంగతి కంటే ఆమెకు అదే ఎక్కువ భయం.

సోమవారం నాడు నార్వే నుంచి పాత రికార్డింగులు వచ్చాయి. 1962లో ఎవరో ఒక లోయలో ఊరూరూ తిరిగి, అక్కడివాళ్ల చేత పాడించి పట్టుకున్నవి. పదకొండోది ఒక ఆడమనిషి కూనిరాగం. మాటల్లేవు, వాయిద్యం లేదు. మొదటి వరస వినగానే కృప వేళ్లు ఆగిపోయాయి. అది వాళ్ల కోతపండగ పాట.

తాత ఎక్కడ, నార్వే ఎక్కడ? ఆ పాడిందెవరో చెప్పమని, ఆ రికార్డింగులు దాచిన గ్రంథాలయానికి వెంటనే మెయిలు పెట్టింది. తర్వాతే వసారాలోకి వచ్చి నాయనకు చెప్పింది. ఆ వరస తప్పింది. ఇంట్లో చెప్పకముందే దేశం కాని దేశానికి చెప్పిందన్నదే కరుణాకరం గుండెలో ముల్లయింది. వినమంటే వినలేదు. ఇయర్‌ఫోన్ అందిస్తే చేత్తో తోసేశాడు.

పదకొండు గంటలకు పాస్టరు శ్యాంసన్ గారు మోటారుసైకిలు మీద వచ్చారు.

“వందనాలన్నా. రాయి ఒకసారి చూసి పోదామని వచ్చినా.”

“వందనాలయ్యగారూ.” కరుణాకరం గోనెపట్టా తీశాడు.

“అంతా అయిపోయినట్టే కదా. ఇంక పేరేగా. రేపటికి అయితాదా?”

“ఉలి మొన పోయింది.”

అబద్ధం ఆడే అలవాటు లేని మనిషి ఆడితే ఇట్లాగే ఉంటుంది. కిటికీలో ఆరు ఉలులు వరసగా ఆనించి ఉన్నాయి, ఆరింటికీ మొనలున్నాయి. పాస్టరు గారి చూపు అక్కడికి పోయి మర్యాదగా వెనక్కి వచ్చింది.

కృప గడపలోకి వచ్చింది. “నా వల్లనే ఆగిందయ్యగారూ.” సంగతంతా చెప్పింది. కరుణాకరం గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

శ్యాంసన్ గారు మెత్తని మనిషి. కాసేపు గడ్డం నిమురుకున్నారు. “చూడమ్మా, ఆ నార్వే వాళ్లెవరూ పెద్దారవీడు వచ్చి మన గోడ చదవరు. అరవై ఏండ్ల నుంచి ఈ పాట ప్రభుదాస్ తాతగారి పాట. మీ నాయన మనసు కష్టపెట్టుకునేంత సంగతా ఇది?”

జవాబు కరుణాకరం దగ్గర్నుంచి వచ్చింది. “కార్ఖానాలో పగులున్న పలకకు నల్లరంగు పూసి మంచి కట్టలో కలిపేవాళ్లయ్యగారూ. కొనేవాళ్లకు ఏం తెలుస్తాది? ముప్పై ఏండ్లలో నేను ఒక్కటి కూడా కలపలే. ఇప్పుడు దేవుని గోడలో కలపమంటారా?”

“అయ్యో, అట్ల కాదన్నా. పోనీ, రాగం అన్న మాట తీసేద్దాం. రచన అని ఒక్కటే ఉంచుదాం.”

“చెక్కింది చెరిపితే మచ్చ పడతాది. ఇక్కడేందో ఉన్నింది, తీసేసినారని చంటిబిడ్డకు కూడా తెలుస్తాది.”

పాస్టరు గారు రాయి మీద చెయ్యి వేసి చిన్న ప్రార్థన చేశారు. “రేపు సాయంత్రానికి ఏదో ఒకటి చెప్పన్నా,” అని వెళ్లిపోయారు.

మధ్యాహ్నం రెండింటికి నార్వే నుంచి జవాబు వచ్చింది. కృప మూడుసార్లు చదువుకుంది. దాచేద్దామా అని కూడా అనుకుంది. ఒకసారి వరస తప్పి పడిన పాట్లు చాలు. ఫోను పట్టుకుని వసారాలోకి వచ్చి, తల్లి పక్కన నిలబడింది.

“అమ్మా, నాయనకు చెప్పు. మెయిలు వచ్చింది. పాడినామె పేరు ఇంగ్రిడ్ అంట. నర్సంట. మన దేశంలో, మన మార్కాపురం దిక్కునే మిషన్ ఆస్పత్రిలో అయిదేండ్లు పనిచేసి, యాభై ఎనిమిదిలో తిరిగి వాళ్లూరికి పోయిందంట.”

చేటలో కందుల చప్పుడు ఆగింది. అప్పుడు ఎవరూ అది గమనించలేదు.

రాహేలు చెప్పాల్సిన అవసరం రాలేదు. కరుణాకరం ముఖంలో రంగు పోయింది. “తేలిపోయిందిలే,” అన్నాడు మెల్లగా. “కొండకింద మిషన్ ఆస్పత్రిలోనే మా నాయన కాంపౌండరు. ఆ దొరసాని పాడుకుంటా ఉండింటాది. ఈయన విన్నింటాడు. విని, తనదని...”

ఇరవై ఏళ్లు ఆయన ఆ పాటను తండ్రి పాట అని చెప్పి పిల్లలకు నేర్పాడు. ఎన్ని ఊళ్లలో, ఎన్ని పండగల్లో, లేచి నిలబడి ‘మా నాయన కట్టిన పాట’ అని చెప్పాడో. ఇప్పుడు ఆ ఊళ్లన్నీ ఆయన కళ్ల ముందు తిరుగుతున్నాయి.

“నాయనా, తాత దొంగ అని నేననలే,” అంది కృప.

“ఎవరో ఒకరు అనాల్సిందేగా అని చెప్పు,” అన్నాడు కరుణాకరం భార్యతో.

అక్కడితో రాహేలుకు ఓపిక అయిపోయింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టు నాలుగు రోజులు గడిపిన మనిషి, చేతిలో చీపురు కింద పెట్టింది.

“నేను చెప్పను. ఇంక ఎవరి మాటా ఎవరికీ మొయ్యను. ఏమయ్యా, ఆ పాట ఒక్కసారి విను నాయనా అని సోమవారం నుంచి పిల్ల మొత్తుకుంటాంది. నువ్వు విన్నావా? వినకుండానే పిల్లతో మాట మానినావు. వినకుండానే మీ నాయనను దొంగను చేసినావు. ఏడాది పొడుగునా ఊరూ పేరూ లేనోళ్ల పాటలన్నీ విన్నావు. ఇదొక్కటి వినడానికి నీకు చెవుల్లేవా?”

రాహేలు పెరట్లోకి వెళ్లిపోయింది, కానీ తలుపు వెనకే నిలబడింది. అంత తగవు పెట్టి మిగతాది వినకుండా పోయేంత పిచ్చిది కాదు.

చాలాసేపటి తర్వాత కరుణాకరం, కూతురి ముఖం చూడకుండానే, చెయ్యి చాచాడు.

కృప ఇయర్‌ఫోన్ ఒక కొస ఆ అరచేతిలో పెట్టింది. రెండో కొస, ఎప్పటిలాగే, తన చెవిలో పెట్టుకుంది. ఆయన కాదనలేదు.

నిమిషన్నర రాగం. ముక్కుతో పాడుతున్నట్టున్న సన్నని గొంతు, వెనక ఎక్కడో తలుపు కిర్రుమన్న చప్పుడు. మొదటిసారి విన్నప్పుడు కరుణాకరం కళ్లు మూసుకునే ఉన్నాడు. కంటి కొసల్లో తడి వచ్చింది. మళ్లీ పెట్టమన్నట్టు వేలు ఎత్తాడు. రెండోసారి మోకాలి మీద తాళం వేశాడు. మూడోసారి, మూడో వరస మధ్యలో, తాళం వేస్తున్న చెయ్యి గాలిలో ఆగింది.

“ఇంకోసారి,” అన్నాడు ఎవరితోనూ కాకుండా.

ఇంకోసారి విన్నాడు. ఇయర్‌ఫోన్ చెవిలో ఉందని మరచిపోయి గట్టిగా మాట్లాడసాగాడు.

“మూడో వరస మధ్యలో ఆగుతాంది ఈమె.”

“మనమూ ఆగుతాం కద నాయనా,” అంది కృప.

నిజమే. ‘ఎండిన చేనికి’ అన్నాక రెండు దెబ్బల ఖాళీ, ఆ తర్వాత ‘వానైతివయ్యా’. చర్చిలో ఆ ఖాళీ బోసిగా ఉంటుందని డోలక్‌తో నింపుతారు. కొత్తగా చేరిన ప్రతివాడూ అక్కడ తొందరపడి ముందుకు దూకుతాడు, కరుణాకరం చేత తిట్లు తింటాడు.

“ఎందుకు ఆగాలని నేను చిన్నప్పుడు మా నాయనను అడిగినా,” అన్నాడు గోడకు చెబుతున్నట్టు. “ఏమో, మీ అమ్మ అట్లనే పాడతాది, అట్లనే పాడు అన్నాడు. సరే. ఇప్పుడు ఈ దేశపోళ్ల పాటలు ఏడాదిగా వింటాండా. పల్లె పాటలు, చర్చి పాటలు, ఫిడేళ్లు, పిండిమరలు. ఆగితే వాళ్లు ఊపిరి కోసం ఆగుతారు. వరస చివర ఆగుతారు. ఇట్ల మధ్యలో, మాట తెగేకాడ ఒక్కరు ఆగింది నేను వినలే. ఈ ఆగేది వాళ్లది కాదు.”

లేచి నిలబడ్డాడు. రెండు చేతులతో గాలిలో దేన్నో ఎత్తి కిందికి దించాడు. మళ్లీ ఎత్తాడు. పెదవులు మూసుకుని రాగం తీస్తూ దించాడు. సరిగ్గా ఖాళీ వచ్చిన చోట ఆ చేతులు పైకి లేచాయి.

“రోకలి,” అన్నాడు. “రోకలి ఎత్తేటప్పుడు నోరు ఆగుతాది. ఇది దంచుడు పాట. ఇది మన పాట. అక్కణ్ణించి ఇక్కడికి రాలే, ఇక్కణ్ణించే ఆయమ్మ పట్టుకపోయింది.”

ఇయర్‌ఫోన్ చెవిలోంచి జారి వేలాడింది. ఆయన తన యాభై ఎనిమిదేళ్ల వయసు మరిచిపోయి మంచం దగ్గరికి పరిగెత్తినంత పని చేశాడు. అవ్వ కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

“అమ్మా, నాయనదే. రాగం నాయనదే.”

యేసుమణి అవ్వ చేటను పక్కన పెట్టింది. కొడుకు తల మీద చెయ్యి వేసింది.

“మీ నాయన ఎప్పుడన్నా రోకలి పట్టినాడా నాయనా?” అంది.

పెరటి తలుపు దగ్గర రాహేలు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఆ దొరసానమ్మ గొంతు నాకూ వినిపించు పాపా,” అంది అవ్వ.

కృప రెండు కొసలూ ఆవిడ చెవులకు పెట్టింది. అవ్వ కదలకుండా వింది. నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది, కన్నీళ్లు తుడుచుకోవాలని కూడా అనుకోలేదు.

“ఇంగ్రీదమ్మే. అప్పుడూ ఇట్లనే ముక్కుతో పాడేది,” అంది.

“నువ్వు ఇన్నాళ్లూ...” అన్నాడు కరుణాకరం.

“మాటిచ్చినా నాయనా. మాటిచ్చి ఊరుకున్నా. చెప్తా విను.” అవ్వ గోడకు ఆనుకుంది. “నాకప్పుడు పదహారేండ్లు. ఆస్పత్రి వంటింట్లో పని. రోగుల గంజికి పొద్దస్తమానం కొర్రలు దంచేది. కొమరోలు దిక్కు నుంచి ఒక ఆసామి భార్య వచ్చింది, కొడుకునెత్తుకొని. చెంచమ్మ ఆమె పేరు. బిడ్డ కాలికి చీముపట్టి, మూడు నెలలు ఉండమన్నారు. ఊరికే కూర్చోలేక నా రోలుకాడికి వచ్చింది. రెండో రోకలి అందుకునింది. నేను ఊరవతల పల్లెపిల్లనమ్మా, మీరు నా రోలు ముట్టుకోగూడదు అని చెప్పినా. ఈడ నన్ను ఎవరు చూస్తాండారు, దంచు అనింది.”

“ఇద్దరూ ఒక రోట్లోనా?” అంది రాహేలు, దాక్కున్న సంగతి మరచి లోపలికి వచ్చేస్తూ.

“ఒక రోట్లోనే. ఆమెది లేస్తే నాది పడాల. నాది లేస్తే ఆమెది పడాల. తప్పితే రెండూ కొట్టుకుంటాయి. అందుకని పాట. వరస నేనెత్తుకుంటే మధ్యలో మాట ఆమె అందుకుంటాది.”

“రాగం ఎవరు కట్టినారవ్వా?” అని అడిగింది కృప.

“ఎవరని చెప్పేది? పొద్దున లేనిది సాయంత్రానికి ఉన్నింది. సగం ఆమె నోట్లోంచి వచ్చింది, సగం నా నోట్లోంచి.” అవ్వ తన అరచేతులు చూసుకుంది. “బిడ్డకు నయమయినాక పోతాపోతా నా చెయ్యి పట్టుకునింది. ఇద్దరం ఒక రోట్లో దంచినామని మా ఊర్లో తెలిస్తే నన్ను వంటింట్లోకి రానియ్యరు, ఎవరికీ చెప్పొద్దు యేసుమణీ అనింది. చెప్పనన్నా. ఆ తర్వాత ఒక్కదాన్నే దంచినా. ఆమె మాట వచ్చేకాడ ఊరుకునేదాన్ని. ఇంగ్రీదమ్మ కిటికీకాడ నిలబడి రోజూ వినేది. ఆ ఊరుకునేది కూడా నేర్చుకునిపోయింది.”

కరుణాకరం తల్లి మోకాలి మీద నుదురు ఆనించాడు. “మరి నాయనకు?”

“పెండ్లయినాక ఏందే ఆ రాగం అని అడిగినాడు. దంచుడు రాగమన్నా. దాని మీద దేవుని మాటలు కట్టినాడు. మాటలు ఆయనవే, ఒక్క అక్షరం కూడా నాది కాదు. ఆయన దొంగ కాదు నాయనా. చెప్పకుండా దాచింది నేను.”

ఆ మాటతో కరుణాకరం బిగ్గరగా ఏడ్చాడు. నాలుగు రోజులుగా ఆయన అన్నం తినకపోవడం, కూతురితో మాట్లాడకపోవడం, అంతా ఈ ఏడుపు ఆపుకోవడానికే. కృపకు అది ఇప్పుడు అర్థమైంది. దగ్గరికి పోవాలనుకుంది. పోతే ఏమంటాడోనని అక్కడే నిలబడింది.

కాసేపటికి ఆయన ముఖం తుడుచుకుని లేచాడు. కిటికీలోంచి ఉలి తీశాడు. గోనెపట్టా పూర్తిగా లాగేశాడు.

“రచన నాయనది. రాగం నీది. నీ పేరు చెక్కుతా.”

“నా ఒక్కదాని పేరు చెక్కితే అబద్ధం సగమైతాది గానీ పోదు.”

“అయితే ఇద్దరి పేర్లూ చెక్కుతా.”

“ఆమె పేరు ఆమెను అడగకుండా ఎట్ల చెక్కుతావు? ఎవరికీ చెప్పనని నేను మాటిచ్చినా. ఇప్పుడు మీ ముగ్గురికి చెప్పిందే నాకు భారంగా ఉంది.”

ఉలి పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది. ఆదివారం వస్తోంది. రాయి మీద ‘రాగం’ అన్న మాట పక్కన జాగా నున్నగా ఉంది.

“అవ్వా,” అంది కృప నెమ్మదిగా. “ఆ ఖాళీలో ఆమె ఏమని పాడేది?”

అవ్వ నోరు తెరిచింది. గొంతులో రాగం కదిలింది. అరవై ఏళ్లుగా వేల మంది పాడుతున్న పాటలో, ఒక్కరికీ తెలియని ఆ మాట పెదవుల దాకా వచ్చింది. అవ్వ నోరు మూసుకుంది.

“అది ఆమెది,” అంది. “నేనెప్పుడూ పాడలే. ఉంటే ఆమెకు తొంభైకి దగ్గరుంటాయి. కొడుకు పేరు చెన్నకేశవులు. ఉందో లేదో నాకు తెలీదు. ఉంటే ఆమె చెప్పినట్టు చెయ్యి. లేకుంటే నా పేరు పక్కన ఆమెకు పట్టేంత జాగా వదిలెయ్యి.”

కరుణాకరం ఉలిని రాయి మీద పెట్టాడు. వెనక్కి తిరిగాడు. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి కూతురి ముఖంలోకి సూటిగా చూశాడు.

“రేపు పొద్దున గిద్దలూరు మీద కొమరోలు పొయ్యే బస్సు ఎన్నింటికుందో చూడు పాపా,” అన్నాడు.